వేళాంగణిలో బిచ్చగాణ్ణి కసిరాను, అమ్మ నాతో మాట్లాడటం లేదు

బెజవాడ_బాబు:
ఆగస్టు 29న మరియమాత ఉత్సవాల జెండా ఎక్కించే రోజుకి అమ్మని వేళాంగణి తీసుకెళ్లా. నాన్న ఆపరేషనప్పుడు మొక్కుకుందట, బసిలికా (పెద్ద చర్చి) దగ్గర్నుంచి మాతా కొలను దాకా ఇసక బాటలో మోకాళ్ల మీద వస్తానని. అరవై రెండేళ్లు. చేతిలో జపమాల. మోకాళ్లకి చుట్టిన తువ్వాలు సగం దారిలోనే జారిపోయింది. పక్కనే వరసగా బిచ్చగాళ్లు, "అమ్మా, తాయే" అంటూ. ఒకాయన పాక్కుంటూ వచ్చి అమ్మ కొంగు పట్టుకున్నాడు. నాకు ఒళ్లు మండి "ఛీ, తప్పుకో" అని చెయ్యి విదిలించా. ఆయన గిన్నె ఇసకలో బోర్లా పడింది. అమ్మ జపం ఆపేసి, ఇసకలో చిల్లర ఒక్కోటీ ఏరి ఆయన గిన్నెలో వేసింది. తిరుగు ప్రయాణమంతా నాతో ఒక్క మాట లేదు. ప్రశాంతంగా మొక్కు తీర్చుకోనివ్వకపోతే కసరడం తప్పా? వీళ్లని బయటే ఆపొచ్చుగా?

కానుకల_పెట్టె:
తప్పేం లేదు తమ్ముడూ. చేతికిస్తే అడుక్కోవడం పెరుగుతుందే గానీ తగ్గదు. నేనైతే మా విచారణలో (మా చర్చి పరిధిలో) పేదలకి సాయం చేసే విన్సెంట్ డి పాల్ సంఘానికి నెలనెలా కడతా. వాళ్లు ఇంటికెళ్లి చూసి మరీ బియ్యమో మందులో ఇస్తారు. పిల్లల్ని చంకనేసుకొచ్చేవాళ్లలో సగం మంది అద్దె పిల్లల్తో వచ్చేవాళ్లే.

కొండ_మెట్లు:
"సగం మంది" అని లెక్కపెట్టిందెవరు, మీరేనా? ప్రతి రైల్లో వినే మాటే ఇది. కళ్లారా చూశానన్నవాడు నాకింతవరకు తగల్లేదు.

అసలు వేళాంగణి కథ గుర్తు తెచ్చుకోండి. మొదట గొర్రెల కాపరి పిల్లాణ్ణి, తర్వాత నడవలేని మజ్జిగ పిల్లాణ్ణి, బిడ్డనెత్తుకొచ్చి పాలు, మజ్జిగ అడిగిందెవరు? మాతే. చంకలో బిడ్డతో చెయ్యి చాపింది ఆవిడే. ఆ పిల్లాడు మీలాగా "ఈ బిడ్డ అద్దె బిడ్డేమో" అనుకునుంటే ఇవాళ అక్కడ గుడే లేదు.

ఇంకో మాట. మన పునీతుల్లో (సెయింట్లలో) బిచ్చమెత్తి బతికినాయన ఉన్నాడు, బెనడిక్ట్ జోసెఫ్ లాబ్రే. ఫ్రాన్సులో పుట్టాడు. ఏ మఠంలోనూ ఇమడలేక యూరప్ పుణ్యక్షేత్రాలన్నీ కాలినడకన తిరిగాడు. రోమ్‌లో కొలోసియం శిథిలాల్లో పడుకునేవాడు. చినిగిన బట్టలు, ఒళ్లంతా పేలు. 1783లో పోయాడు, 1881లో పునీతుణ్ణి చేశారు. ఆయనొచ్చి బెజవాడ గుణదల మాత కొండ మెట్ల మీద కూర్చుంటే బాబు ఏం చేస్తాడో నాకు తెలుసు.

కానుకల_పెట్టె:
బాగానే చెప్పారు గానీ, ఆ మజ్జిగ పిల్లాడు అడుక్కోలేదండీ. నడవలేకపోయినా మజ్జిగ అమ్ముకున్నాడు. అదీ చెప్పండి.

కొండ_మెట్లు:
ఒప్పుకుంటా. అది మంచి పాయింటే. మరి మజ్జిగ కుండ కూడా లేనివాడి సంగతేంటి?

ఫ్రాన్స్_అల్లుడు:
ఇక్కడ ఫ్రాన్సులో, లూర్దు మాత పుణ్యక్షేత్రంలో రోగుల్ని నీలం బండ్లలో కూర్చోబెట్టి ఊరేగింపులో ముందు నడిపిస్తారు, చూస్తే కన్నీళ్లొస్తాయి. అదే జనం బయటికొచ్చాక, గేటు దగ్గర చెయ్యి చాపినవాణ్ణి చూడనట్టు దాటిపోతారు. నేనూ దాటినవాణ్ణే. పోప్ ఫ్రాన్సిస్ 2017లో, మిలాన్‌లో ఇల్లు లేనివాళ్లు అమ్మే పత్రికకి ఇంటర్వ్యూ ఇస్తూ ఇవ్వడం ఎప్పుడూ సరైనదే అన్నారు. ఇచ్చేటప్పుడు వాళ్ల కళ్లలోకి చూడమన్నారు. రూపాయి ఇవ్వడం కంటే అదే కష్టం నాకు.

పులిహోర_పొట్లం:
మేం హిందువులం. అయినా మా అమ్మమ్మ ప్రతి ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్లకి వెళ్తుంది, పులిహోర పొట్లాలు కట్టుకుని. ఇక్కడ అందరూ ఇవ్వాలా వద్దా అని కొట్టుకుంటున్నారు. బాబూ, మీ అమ్మ కోపం నువ్వు ఇవ్వలేదని కాదేమో. ఆ గిన్నె బోర్లా పడింది చూడు, దాని గురించేమో. అడిగి చూడరాదూ?

బెజవాడ_బాబు:
అడిగా. ఈ చర్చంతా చదివి వినిపించా. లాబ్రే దగ్గర ఏమీ అనలేదు, పేలు అన్నప్పుడు మాత్రం మొహం చిట్లించింది. మాత చెయ్యి చాపింది అన్న చోట "ఊఁ" అంది. గిన్నె సంగతి ఎత్తితే లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఇందాకే వచ్చి చెప్పింది, ఫిబ్రవరి 11కి గుణదల వెళ్తుందట. బ్యాంకులో అయిదొందలకి పది రూపాయల బిళ్లలు మార్చుకురమ్మంది. తోడు మాత్రం చెల్లి వెళ్తుందట.