రహీమ్ సాబ్ తర్వాత ఇండియా ఫుట్‌బాల్ కోచ్‌లలో పెద్దపీట ఎవరికి?

గచ్చిబౌలి_గ్యాలరీ

సయ్యద్ అబ్దుల్ రహీమ్‌ని పక్కన పెట్టి మాట్లాడుకుందాం. 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఆయన్ని లెక్కలోకి తీసుకుంటే ఇక చర్చే ఉండదు.

నేను అడిగేది ఈ పాతికేళ్ల సంగతి. జాతీయ జట్టుతో ఎక్కువ కాలం ఉన్న విదేశీ కోచ్‌లు ముగ్గురు. బాబ్ హౌటన్ 2006 నుంచి 2011 దాకా. స్టీఫెన్ కాన్‌స్టంటైన్ రెండు విడతలు, 2002-05, మళ్లీ 2015-19. ఇగోర్ స్టిమాచ్ 2019-24. ముగ్గురూ ఆసియా కప్‌కి తీసుకెళ్లారు, ముగ్గురూ అక్కడ మొదటి రౌండ్ దాటించలేకపోయారు.

నా ఓటు కాన్‌స్టంటైన్‌కి. 2015లో ఆయన రెండోసారి వచ్చేటప్పటికి మన ఫిఫా ర్యాంకు 171. రెండు నెలలకి ఇంకా దిగి 173. అక్కడి నుంచి 2017 జూలైకి 96కి వచ్చాం. 2019 ఆసియా కప్‌లో థాయ్‌లాండ్‌ని 4-1తో కొట్టాం. ఆ రాత్రి తర్వాత ఆసియా కప్‌లో ఇండియా మళ్లీ ఒక్క గోల్ కూడా కొట్టలేదు. దీనికి మించిన సాక్ష్యం ఏం కావాలి? పోల్ పెట్టాను, ఓటేసి కారణం రాయండి.

ఆఫ్‌సైడ్_అన్న

ర్యాంకు చూపించి కోచ్‌ని మొయ్యడం ఆపండి బ్రో. అప్పటి ఫిఫా పద్ధతిలో మ్యాచ్‌లకి వచ్చిన పాయింట్ల సగటు తీసేవాళ్లు. బలమైన జట్టుతో ఆడి ఓడితే సగటు పడిపోతుంది. కాబట్టి చిన్న జట్లని ఎంచుకుని గెలుస్తూ పోతే ర్యాంకు దానంతట అదే ఎక్కుతుంది. కాన్‌స్టంటైన్ రెండో విడతలో వరసగా ఓడకుండా సాగిన మ్యాచ్‌లలో మనతో ఆడింది ఎవరు? లావోస్, కంబోడియా, మకావ్, నేపాల్, మారిషస్, సెయింట్ కిట్స్. కిర్గిజ్‌స్తాన్‌ని బెంగళూరులో 1-0తో గెలిచారు, అది మాత్రం ఒప్పుకుంటా.

ఇంకో మాట. 2019లో ఆసియా కప్‌ని 16 జట్ల నుంచి 24కి పెంచారు. హౌటన్ వెళ్లింది 16 జట్ల కప్‌కి. అదీ 1984 తర్వాత 27 ఏళ్లకి. నెహ్రూ కప్ 2007లో, 2009లో, రెండుసార్లూ ఫైనల్లో సిరియా మీదే. ఇండియాకి రాకముందు ఈయన స్వీడన్‌లోని మాల్మోని 1979 యూరోపియన్ కప్ ఫైనల్‌దాకా తీసుకెళ్లిన మనిషి. మన దగ్గర పనిచేసినవాళ్లలో అంత చరిత్ర ఉన్న కోచ్‌ని ఇంకొకర్ని చూపించండి.

గచ్చిబౌలి_గ్యాలరీ

అన్నా, 16 జట్ల కప్‌కి ఏ దారిలో వెళ్లారో కూడా చెప్పాలి కదా. మామూలు క్వాలిఫయర్లలో గెలిచి కాదు. 2008 ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్ గెలిచి. వెనకబడిన దేశాల కోసమే పెట్టిన టోర్నీ అది, పైగా మన ఇంట్లోనే జరిగింది. హైదరాబాద్‌లో వానలకి మైదానాలు బురదైపోతే ఫైనల్‌ని ఢిల్లీకి మార్చారు. తజికిస్తాన్‌ని 4-1తో గెలిచాం, ఛెత్రి హ్యాట్రిక్. బ్రహ్మాండం. కానీ దొడ్డిదారి దొడ్డిదారే. దోహాకి వెళ్లాక ఏమైంది? ఆస్ట్రేలియాతో 0-4, బహ్రెయిన్‌తో 2-5, దక్షిణ కొరియాతో 1-4. మూడు మ్యాచ్‌లలో 13 గోల్స్ ఇచ్చాం. సుబ్రతా పాల్ గోల్‌లో నిలబడబట్టి అంతటితో ఆగింది.

వైజాగ్_వింగర్

మీ ఇద్దరి మధ్య స్టిమాచ్‌ని అందరూ మర్చిపోతున్నారు. 2023 ఒక్క ఏడాదిలో మూడు ట్రోఫీలు: ఇంఫాల్‌లో ముక్కోణపు టోర్నీ, భువనేశ్వర్‌లో ఇంటర్‌కాంటినెంటల్ కప్, బెంగళూరులో శాఫ్ (దక్షిణాసియా దేశాల ఛాంపియన్‌షిప్). లెబనాన్‌ని 2-0తో గెలిచాం, కువైట్‌ని పెనాల్టీల్లో. అదే నవంబర్‌లో కువైట్ వెళ్లి మరీ వరల్డ్ కప్ క్వాలిఫయర్ గెలిచాం, మన్వీర్ గోల్. 2019లో దోహాలో ఖతార్‌తో 0-0. అప్పటికి వాళ్లు ఆసియా ఛాంపియన్లు.

హౌటన్ జట్టు, కాన్‌స్టంటైన్ జట్టు ఎలా ఆడేవి? గోల్‌కీపర్ గాల్లోకి తన్నాలి, ముందున్నవాడు పరిగెత్తాలి. బంతి నేలమీద ఉంచి ఆడే ప్రయత్నమైనా చేసింది స్టిమాచ్ ఒక్కడే.

బెంచ్_మీద_బాబాయ్

బంతి నేలమీద ఉంచాడు, జట్టు జాతకం మాత్రం పైన గ్రహాలకి వదిలేశాడు అన్నమాట 😄 తుది జట్టు వివరాలు జ్యోతిష్యుడికి పంపేవాడని 2023లో పేపర్లో వచ్చిన వార్త చదవలేదా?

వైజాగ్_వింగర్

చదివాను బాబాయ్. ఆ జ్యోతిష్యుడిని పరిచయం చేసింది ఫెడరేషన్ మనిషే అని కూడా అదే వార్తలో ఉంది. మన ఊళ్లో కొబ్బరికాయ కొట్టకుండా ఏ టోర్నమెంట్ మొదలవుతుందో చెప్పండి, అప్పుడు నవ్వుకుందాం.

ఆఫ్‌సైడ్_అన్న

జ్యోతిష్యం వదిలేద్దాం, ఆట చూద్దాం. ఆ మూడు ట్రోఫీలూ ఇంట్లో గెలిచినవే. బయటికి వెళ్తే? 2021లో యూఏఈతో 0-6. 2024 జనవరిలో ఆసియా కప్, మూడు మ్యాచ్‌లు, మూడు ఓటములు, సున్నా గోల్స్. మార్చిలో వరల్డ్ కప్ క్వాలిఫయర్‌లో గువాహటిలో అఫ్ఘానిస్తాన్ చేతిలో 1-2, అది ఇంట్లోనే. ఆ గ్రూపులో మూడో రౌండ్‌కి వెళ్లడానికి అంతకంటే సులువైన దారి మనకి ఎప్పుడూ దొరకలేదు. చివరి మ్యాచ్‌లో బంతి గీత దాటి బయటికి వెళ్లాక లోపలికి లాగి ఖతార్ వాడు గోల్ కొట్టాడు, రిఫరీ ఇచ్చాడు, అది అన్యాయమే. కానీ పరిస్థితి అక్కడిదాకా రావడం ఎవరి తప్పు?

డేటా_డిఫెండర్

ఒక్కొక్కరి విజయానికీ ఒక్కో "కానీ" తగిలిస్తున్నారు. బాగుంది. మరి రహీమ్ సాబ్‌ని ఎందుకు పక్కన పెట్టారు? ఆయనకీ తగిలించండి.

1956లో మొదటి రౌండ్‌లో హంగేరీ రాలేదు, మనకి వాకోవర్. ఆస్ట్రేలియాని 4-2తో గెలిచాం, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్, అంతే, సెమీఫైనల్. అక్కడ యుగోస్లావియాతో 1-4, కాంస్యం మ్యాచ్‌లో బల్గేరియాతో 0-3. అంటే గెలిచింది ఒక్క మ్యాచ్. 1951లో మొత్తం ఆరు జట్లు, కొరియా యుద్ధంలో ఉంది. 1962లో ఎనిమిది జట్లు, ఇజ్రాయెల్‌ని, తైవాన్‌ని జకార్తాకి రానివ్వలేదు. 1952 హెల్సింకిలో యుగోస్లావియా చేతిలో 1-10, కోచ్ ఆయనే. ఈ లెక్కలే స్టిమాచ్‌వి అయితే మీరు ఊరుకునేవారా?

బొల్లారం_బ్యాక్‌పాస్

పక్కన పెట్టండి అన్నది గౌరవంతో, పోల్చలేక కాదు. సరే, అడిగారు కాబట్టి చెప్తాను.

1962 జకార్తాలో మొదటి మ్యాచే దక్షిణ కొరియాతో 0-2. ఆ కొరియా అప్పటికి రెండు ఆసియా కప్‌లు జరిగితే రెండూ గెలిచిన జట్టు. తర్వాత థాయ్‌లాండ్‌ని, జపాన్‌ని, సెమీస్‌లో దక్షిణ వియత్నాంని దాటుకుని ఫైనల్‌కి వస్తే ఎదురుగా మళ్లీ అదే కొరియా. జర్నైల్ సింగ్ డిఫెండర్, తలకి కుట్లు పడ్డాయి. ఇంకో కోచ్ అయితే బెంచ్ మీద కూర్చోబెట్టేవాడు. రహీమ్ సాబ్ ఆయన్ని తీసుకెళ్లి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి, 2-1. మీరు చెప్పిన ఇజ్రాయెల్, తైవాన్ గొడవ వల్లే స్టేడియం మొత్తం మనకి వ్యతిరేకం. ఆ నిషేధాన్ని తప్పుపట్టింది మన భారతీయ అధికారి సోంధీ. ఆ కోపమంతా మన పిల్లల మీద పడింది. కాబట్టి ఆ "కానీ" మనకి లాభం చేసిందో నష్టం చేసిందో ఆలోచించండి. కోచ్‌కి అప్పటికే ఒంట్లో బాగోలేదు. 1963 జూన్‌లో క్యాన్సర్‌తో పోయారు.

పతకాలు కూడా వదిలేయండి. ఆయన పెట్టిన పోటీలు చూడండి. డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి వచ్చిన వెంటనే పాస్ ఇవ్వాలి అనే టోర్నమెంట్లు. బలహీనమైన కాలితోనే ఆడాలనే మ్యాచ్‌లు. స్కూలు టీచరుగా పనిచేసిన మనిషి కదా, పాఠం ఎలా ఎక్కించాలో తెలుసు. హైదరాబాద్ సిటీ పోలీస్‌తో 1950 నుంచి 54 దాకా వరుసగా ఐదు రోవర్స్ కప్‌లు ఎలా వచ్చాయనుకున్నారు? అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఒలింపిక్స్ దాకా ఎలా వెళ్లాడు? మీ ముగ్గురు విదేశీయుల్లో ఒక ఊరికి ఆట నేర్పినవాడు ఎవరైనా ఉన్నారా?

డేటా_డిఫెండర్

సార్, జకార్తా విషయంలో మీతో వాదించను. ఊరికి ఆట నేర్పారు అన్నారు, దాని గురించే అడుగుతున్నా. ఆ ఊరు ఇప్పుడెక్కడుంది? జాతీయ జట్టులో ఎప్పుడైనా మన పేరు ఒకటి కనిపిస్తే ఫోన్లలో తిప్పుకునే స్థితి మనది. మనిషి పోగానే కూలిపోయేదాన్ని వారసత్వం అనొచ్చా?

బొల్లారం_బ్యాక్‌పాస్

కూలింది ఆయన కట్టింది కాదు, దానికి పునాదిగా ఉన్న ఉద్యోగాలు. పోలీస్ డిపార్ట్‌మెంట్ జీతమిచ్చినంత కాలం కుర్రాళ్లు ఇక్కడ ఉన్నారు. కలకత్తా క్లబ్బులు ఎక్కువ ఇస్తే అక్కడికి వెళ్లారు. బలరాం వెళ్లింది ఈస్ట్ బెంగాల్‌కే. ఫతే మైదాన్‌లో క్రికెట్ వచ్చి కూర్చుంది. కోచ్ చనిపోయాక కూడా డిపార్ట్‌మెంట్ బడ్జెట్ చూసుకోవాలంటే ఎలాగండీ.

హెచ్‌ఎఫ్‌సీ_పసుపు

పెద్దాయన చెప్పినదానికి మనోలో మార్కెజ్‌ని మించిన ఉదాహరణ లేదు. 2022 మార్చిలో ఫతోర్డాలో హైదరాబాద్ ఎఫ్‌సీకి ఐఎస్‌ఎల్ కప్ అందించింది ఆయనే. పెనాల్టీల్లో కట్టిమణి మూడు ఆపాడు, ఇప్పటికీ ఆ వీడియో చూస్తుంటా. అదే మనిషి 2024లో ఇండియా కోచ్ అయ్యాడు, 8 మ్యాచ్‌లలో ఒకే గెలుపు, అది మాల్దీవుల మీద. మన గచ్చిబౌలిలోనే మూడు ఆడించాడు: మారిషస్‌తో 0-0, సిరియాతో 0-3, మలేషియాతో 1-1. క్లబ్‌లో ఏడాది పొడవునా కుర్రాళ్లు చేతిలో ఉన్నారు. ఇక్కడ కొద్ది రోజుల క్యాంపు, పైగా సీజన్ అయ్యేదాకా గోవా క్లబ్ పని కూడా. ఏడాది తిరక్కుండా మెదడు కరిగిపోతుందా ఎవరికైనా? కాబట్టి కోచ్‌కి ఎన్ని మార్కులు వేసినా, సగం ఫెడరేషన్ పేపర్ మీద వేస్తున్నట్టే.

ఇక హైదరాబాద్ ఎఫ్‌సీ గురించి అడక్కండి. అదిప్పుడు ఢిల్లీలో వేరే పేరుతో ఉంది.

ఆఫ్‌సైడ్_అన్న

అందుకే హౌటన్ గొప్పవాడు అంటున్నా! ఆయన ఒక్కడే ఫెడరేషన్ మెడ మీద కూర్చుని నెలల తరబడి క్యాంపులు తెచ్చుకున్నాడు. క్లబ్బులు ఏడ్చాయి. ఏడవనివ్వండి.

అనంతపురం_9

ఇంత రాశారు, ఒక్కరూ అసలు పేరు ఎత్తలేదు. మీ ముగ్గురు కోచ్‌ల విజయాలూ రాసుకుని, గోల్ ఎవరు కొట్టారో పక్కన రాయండి. 2008 ఫైనల్ హ్యాట్రిక్: ఛెత్రి. 2019 థాయ్‌లాండ్ మీద రెండు: ఛెత్రి. 2023 శాఫ్‌లో అయిదు గోల్స్‌తో టాప్ స్కోరర్: ముప్పై ఎనిమిదేళ్ల ఛెత్రి. 2024 జూన్‌లో ఆయన రిటైరయ్యాడు, మనోలో గోల్స్ లేక అల్లాడిపోయి 2025 మార్చిలో వెనక్కి పిలిపించాడు. మాల్దీవుల మ్యాచ్‌లో మళ్లీ గోల్ కొట్టింది కూడా ఆయనే!

ముగ్గురు కోచ్‌లు, దాదాపు పదిహేనేళ్లు. ఆయన తర్వాత ఎవరు అనే ప్రశ్నకి ఒక్కరి దగ్గరా జవాబు తయారవ్వలేదు. ఝింగన్, కోటాల్, థాపాలకి మొదటి అవకాశం ఇచ్చింది కాన్‌స్టంటైన్, సహల్, ఆకాశ్ మిశ్రాలకి ఇచ్చింది స్టిమాచ్, అది కాదనను. ఒక్క తొమ్మిది నంబర్, అంటే గోల్స్ కొట్టే స్ట్రైకర్‌ని చూపించండి చాలు. నేను ఆడే స్థానం కాబట్టి నాకు కడుపుమంట ఎక్కువ.

ఇంతకీ ఛెత్రిని 2005లో మొదటిసారి జాతీయ జట్టులో ఆడించింది ఎవరో తెలుసుగా? సుఖ్విందర్ సింగ్. మీ పోల్‌లో ఆయన పేరే లేదు.

గచ్చిబౌలి_గ్యాలరీ

పోల్ పెట్టింది ఎక్కువ కాలం పనిచేసిన విదేశీ కోచ్‌ల మీద కదా. ఒక కుర్రాణ్ని ఆడించినందుకే కోచ్ గొప్పవాడైపోతే ప్రతి జిల్లా సెలెక్టర్‌కీ విగ్రహం పెట్టాలి.

అనంతపురం_9

ఛెత్రి ఒక్కడే కాదు. 2001 వరల్డ్ కప్ క్వాలిఫయర్లు గుర్తున్నాయా? సుఖ్విందర్ జట్టు బెంగళూరులో యూఏఈని 1-0తో కొట్టింది. బ్రూనైని రెండుసార్లు గెలిచింది. ఆరు మ్యాచ్‌లలో 11 పాయింట్లు, గ్రూపులో మొదటి స్థానంలో ఉన్న యూఏఈకి 12. యూఏఈ దేశం డబ్బు ముందు మన ఆటగాళ్ల డీఏ (రోజువారీ భత్యం) ఎంతో మీకు తెలియనిది కాదు. మీ ముగ్గురిలో ఏ వరల్డ్ కప్ క్వాలిఫయర్ గ్రూపులోనైనా మొదటి స్థానానికి ఒక్క పాయింట్ దూరంలోకి వచ్చినవాడు ఉంటే చెప్పండి.

ఆఫ్‌సైడ్_అన్న

ఉండు తమ్ముడూ. ఆ గ్రూపులో యెమెన్‌తో రెండు మ్యాచ్‌లూ డ్రా, ఇంట్లో 1-1, అక్కడ 3-3. ఒక్కటి గెలిచినా తర్వాతి రౌండ్‌లో ఉండేవాళ్లం. అది కూడా సుఖ్విందర్ ఖాతాలోనే రాయి.

గచ్చిబౌలి_గ్యాలరీ

సరే, పోల్‌లో నాలుగో పేరు చేర్చాను. ముందు వేసిన ఓట్లు అలాగే ఉంటాయి, మార్చుకునే వీలు లేదు. బొల్లారం సార్, మీరింకా ఓటెయ్యలేదు.