చుట్ట, మందు, అకాల మరణం: ఊళ్లో లెక్క ఎలా కట్టాలి?

గోదారిగట్టు:
అమలాపురం దగ్గర నాలుగు ఊళ్లలో, మొత్తం 16 వేల జనాభా, 30 దాటినవాళ్ల అలవాట్లు రాసుకుని పదేళ్లపాటు ఎవరు ఎప్పుడు పోయారో చూద్దామనుకుంటున్నాం. "తాగుతారా? అవును/కాదు" అని అడిగితే చాలాండి?

పల్లెలెక్క:
చాలదండి. ముందు "చుట్టా, మందా?" అని వాళ్లే ఎదురడుగుతారు. అసలు మోసం ఆ "కాదు"లో ఉంది. దగ్గు ముదిరి నిన్న మానేసినవాడూ అందులోకే వెళ్తాడు. రేపతను పోతే ఆ చావు పొగ ముట్టనివాళ్ల ఖాతాలో పడుతుంది. ఎప్పుడూ ముట్టనివారు, మానేసినవారు, ఇప్పుడూ తాగేవారు అని మూడు గళ్లు గీయండి. మానేస్తే ఏ వయసులో, ఎందుకని అడగండి. కాలేయం చెడి మందు మానేసినవాళ్లను "కాదు"లో కలిపారంటే, కాస్త తాగేవాళ్లే దిట్టంగా ఉన్నట్టు కనిపిస్తుంది. అప్పటికే జబ్బుతో ఉన్నవాళ్లు లెక్క చెడగొట్టకుండా, మొదటి రెండేళ్ల మరణాలు తీసేసి కూడా ఒకసారి చూడండి.

బీడీ, చుట్ట, సిగరెట్ వేర్వేరుగా రాయాలి. 2008లో వచ్చిన దేశవ్యాప్త అధ్యయనంలో మగవాళ్లకి బీడీతో సుమారు 6 ఏళ్లు, సిగరెట్‌తో 10 ఏళ్ల ఆయుష్షు తగ్గినట్టు తేలింది. ఆడవాళ్లను అడగడం మరవొద్దు.

"రోజూ కొంచెం" అని రాసుకోకండి. క్వార్టరంటే 180 మి.లీ.; 42.8 శాతం ఘాటున్న విస్కీ అయితే అందులో ఆల్కహాలు దాదాపు 61 గ్రాములు. కల్లు పొద్దున దించింది సాయంత్రానికి ఘాటెక్కుతుంది కాబట్టి తాగే వేళ కూడా రాయాలి.

లంకపిల్ల:
వయసు సంగతి చూసుకోండి. పెద్దాళ్లు 60, 65 అని గుండుగుత్తగా చెబుతారు. "86 వరదకి మీకు పెళ్లయిందా? 96 తుపానుకి పెద్దబ్బాయి ఎంతవాడు?" అని లాగాలి.

చావు కారణానికి మరణాల రిజిస్టరు నమ్మొద్దు, "గుండె ఆగి" అని ఉంటుంది. (ఆగకుండా పోయినవాళ్లెవరు?) పెద్దకర్మ అయ్యాక, జ్ఞాపకం చెదరకముందే ఇంటివాళ్ల దగ్గర లక్షణాలు రాసుకుని, ఇద్దరు డాక్టర్లకి విడివిడిగా చూపించండి. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల 45 ఊళ్లలో ఇంటివాళ్లను విచారించి చూస్తే, 1,354 మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే.

పల్లెలెక్క:
ఆ ఊళ్ల జనాభా 1.8 లక్షలు, అంటే ఏడాదికి వెయ్యికి ఏడున్నర. మీ 16 వేల మందిలో అన్ని వయసులూ కలిపి ఏడాదికి 120 చావులు వస్తాయేమో. 70 లోపువి, అందులో మగవాళ్లవి, అందులో కేన్సరువి అని విడదీస్తే మిగిలేవి వేళ్లమీదే. కారణాల జోలికి పోకుండా మొత్తం మరణాల మీదే నిలబడండి. గల్ఫుకెళ్లి జాడ తెలియనివాళ్లను బతికున్నట్టు వేసుకోవద్దు, కబురందిన ఆఖరి తేదీ దాకానే లెక్క.