'లక్షణం', 'నిర్వచనం' ఒకటేనా?

డెఫినిషన్‌ను తెలుగులో లక్షణం అనాలా, నిర్వచనం అనాలా అని నిన్న ఇక్కడ అడిగారు. వాడుకలో నిర్వచనమే స్థిరపడింది, దాన్ని మార్చాలని నేననను. రెండూ ఒకటే అంటే మాత్రం ఒప్పుకోలేను.

నిర్వచనం అంటే మొదట పదాన్ని విడదీసి, అది ఎలా పుట్టిందో చెప్పడం. వేదపదాల పుట్టుకను వివరించే ప్రాచీన గ్రంథం, యాస్కుడి నిరుక్తం, చేసే పని అదే. లక్షణం పదం పుట్టుక జోలికి పోదు, ఆ పదం చెప్పే వస్తువును పట్టుకుంటుంది. 'చతురస్రం' చూడండి. అస్రం అంటే మూల, కాబట్టి నాలుగు మూలలు గలది చతురస్రం. నిర్వచనంగా ఇందులో తప్పు లేదు. దీన్నే లక్షణం అనుకుంటే మాత్రం నాలుగు మూలలున్న ప్రతి పటమూ చతురస్రమైపోతుంది. 'దీర్ఘచతురస్రం' ఇంకా చిక్కు. మాటను బట్టి అది చతురస్రంలో ఒక రకం అనిపిస్తుంది. గణితంలో వరస తిరగబడుతుంది: ప్రతి చతురస్రమూ దీర్ఘచతురస్రమే, ప్రతి దీర్ఘచతురస్రమూ చతురస్రం కాదు. పిల్లలు ఇక్కడ తడబడితే తప్పు వాళ్లది కాదు, పేరే అలా ఉంది.

లక్షణాన్ని పరీక్షించడానికి తార్కికులు మూడు దోషాలు చెప్పారు. అన్నంభట్టు తన తర్కశాస్త్ర గ్రంథమైన తర్కసంగ్రహానికి తానే రాసుకున్న వ్యాఖ్య దీపికలో ఆవును ఉదాహరణగా తీసుకున్నాడు. కొమ్ములుండటమే ఆవు లక్షణమంటే గేదె కూడా వచ్చి చేరుతుంది, అది అతివ్యాప్తి. కపిల వర్ణం (గోధుమ ఎరుపు) అంటే తెల్లావు బయట ఉండిపోతుంది, అది అవ్యాప్తి. చీలని ఒంటి గిట్ట అంటే ఏ ఆవుకూ ఉండదు, అది అసంభవం. ఇవేవీ లేకుండా నిలిచే ధర్మంగా శాస్త్రం గంగడోలును, అంటే మెడ కింద వేలాడే చర్మాన్ని, చూపుతుంది.

నాకు బాగా నచ్చిన పరీక్ష ప్రధాన సంఖ్యది. '1తోనూ, తనతోనూ మాత్రమే నిశ్శేషంగా భాగించబడే సంఖ్య' అని చాలామంది చెబుతారు. 1 కూడా ఇందులో ఇమిడిపోతుంది కదా! అతివ్యాప్తి. పోనీ 'బేసి సంఖ్య అయి ఉండాలి' అని చేర్చామనుకోండి. 1 కూడా బేసి సంఖ్యే కాబట్టి లోపలే ఉంటుంది, 2 మాత్రం బయటికి పోతుంది. ఒకే వాక్యంలో అతివ్యాప్తి, అవ్యాప్తి రెండూ! 'సరిగ్గా రెండే కారణాంకాలు గల సహజ సంఖ్య' అనగానే 1 తొలగిపోతుంది, 2 నిలుస్తుంది.

వ్యాఖ్య: లక్షణం అంటే 'అసాధారణ ధర్మం' అని చదివానండి. గొప్ప గుణమనేనా?

జవాబు: కాదండి. సాధారణం అంటే నలుగురికీ ఉమ్మడిగా ఉన్నది. ఆ జాతి మొత్తానికి ఉంటూ, ఇంకెక్కడా లేనిది అసాధారణం. గొప్పది అన్న అర్థం తర్వాత వాడుకలో బలపడింది. 'లక్ష్యం' కూడా అంతే. ఇప్పుడు గమ్యం అంటున్నాం కానీ శాస్త్రంలో అది లక్షణం వర్తించవలసిన వస్తువు. బడిలో అలంకారాలకు లక్షణం, లక్ష్యం, సమన్వయం (లక్షణం లక్ష్యానికి ఎలా సరిపోయిందో చూపడం) అని మూడూ రాయించేవారు, గుర్తుందా? మేము లక్షణం బట్టీపట్టి, సమన్వయాన్ని రెండు ముక్కల్లో తేల్చేసేవాళ్లం. పైన ప్రధాన సంఖ్యకు చేసింది ఆ సమన్వయమే.