మేనమామ ఒమేగా: డయల్‌కి కొత్త పెయింటు వేయించాలా?

ప్రశ్న (మలక్‌పేట నుంచి): మా మేనమామ సౌదీ నుంచి తెచ్చుకున్న ఒమేగా స్పీడ్‌మాస్టర్ వాచీని అత్తయ్య నాకిచ్చింది. కీ ఇస్తే నడుస్తోంది గానీ రోజూ బాగా వెనకబడుతోంది. డయల్ మీద గుర్తులు పసుపెక్కాయి, అద్దం నిండా గీతలు. కోఠిలో ఒక షాపాయన మూత తీసి చూపిస్తే లోపల 145.022-69 అని మోడల్ నంబరు ఉంది. "డయల్‌కి పెయింటు, కేసుకి (వాచీ బయటి బాడీకి) పాలిష్, కొత్త బెజెల్ (అద్దం చుట్టూ ఉండే అంకెల రింగు). షోరూం పీసులా చేసిస్తా" అన్నాడు. ఇవ్వనా? అమ్మే ఉద్దేశం లేదు.

జవాబు 1: ఇవ్వొద్దు తమ్ముడూ. ఇచ్చేసి ఉంటే ఇప్పుడే వెళ్లి తెచ్చుకో.

ఆ పసుపు మురికి కాదు. చీకట్లో వెలగడానికి ట్రిటియం అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన పూత వయసుతో అలా మారుతుంది. ట్రిటియం బలం 12.3 ఏళ్లకోసారి సగమవుతుంది, కాబట్టి ఇప్పుడది చీకట్లో వెలగకపోవడమే సహజం. టార్చ్ వేసి తీశాక కూడా చాలాసేపు వెలిగితే ఎవరో కొత్త పూత పూసినట్టే. డయల్ మీద కింది అంచున సన్నగా "టి స్విస్ మేడ్ టి" అని ఇంగ్లిష్‌లో ఉందా చూడు. మళ్లీ పెయింటు వేసినప్పుడు ముందు చెడేది ఆ అక్షరాలే. మన దేశంలో ఇలా రంగులేసి అమ్మిన వాచీలకు బయటి కలెక్టర్లు "బాంబే స్పెషల్" అని పేరు కూడా పెట్టారు, పొగడ్త కాదులే.

బెజెల్ మీద 90 అంకె దగ్గర చుక్క ఎక్కడుంది? అంకె పైనా, పక్కనా?

ప్రశ్న అడిగినవారు: పైనే ఉందన్నా.

జవాబు 1: అబ్బ! 1970 ప్రాంతం దాకా వచ్చిన బెజెల్ అది. దానికోసమే వెతికేవాళ్లున్నారు. దాన్ని తీసి కొత్తది వేస్తానన్నాడంటే ఆయనకి తెలియదన్నా అనుకోవాలి, బాగా తెలుసన్నా అనుకోవాలి.

జవాబు 2: వాడుకునే వాచీకి ఇంత టెన్షన్ ఎందుకండీ? కొత్తగా కనిపిస్తే తప్పేంటి?

జవాబు 1: తప్పేం లేదు సార్. కానీ పెయింటు వచ్చే ఏడాదైనా వేయించుకోవచ్చు, వేశాక పాత డయల్ తిరిగి రాదు. పాలిష్‌తో అరిగిన కేసు అంచులూ అంతే.

జవాబు 3 (సికింద్రాబాద్): వెనకబడటం సంగతి నేను చెప్తా. చాలావరకు లోపల నూనె ఎండిపోయి ఉంటుంది, విప్పి కడిగి నూనె వేస్తే సరిపోవచ్చు. అందులో ఉండేది 861 మెషిన్, 1968లో పాత 321 బదులు వచ్చింది. మామూలు వాచీలు చేసే చెయ్యి చాలదు, క్రోనోగ్రాఫ్ (స్టాప్‌వాచ్ ఉన్న వాచీ) విప్పి బిగించిన అనుభవం ఉండాలి. అప్పటిదాకా పక్క బటన్లు నొక్కకండి, వానలో పెట్టుకోకండి.

కంపెనీ సర్వీసుకి ఇచ్చినా సరే, రసీదు మీదే రాయించండి: పాలిష్ వద్దు, డయల్, ముళ్లు, బెజెల్ మార్చొద్దు, ఏ పార్టు మార్చినా పాతది తిరిగివ్వాలి. చెప్పకపోతే కొత్త పార్టులు వేసేసే అవకాశం ఉంది. ఇచ్చేముందు డయల్, బెజెల్, మెషిన్ నంబరు ఫొటోలు తీసుకోండి.

అద్దం గాజు కాదు, ప్లాస్టిక్. పాలీవాచ్ పేస్టుతో రుద్దితే గీతలు చాలావరకు పోతాయి. భూతద్దంతో మధ్యలో చూస్తే ఆవగింజ కన్నా చిన్న ఒమేగా గుర్తు కనబడొచ్చు. ఉంటే ఆ అద్దాన్నే ఉంచండి.