సింగపూర్‌లో పొద్దున్నే దిగితే రూమ్ ఇచ్చేదాకా ఎక్కడుండాలి?

మాది నల్గొండ. వచ్చే నెల అమ్మానాయనలను తీసుకుని సింగపూర్ వెళ్తున్నాను. శంషాబాద్ నుంచి రాత్రి ఫ్లైట్, చాంగీలో ఉదయం 6:30కి దిగుతాం. వీసాలు వచ్చాయి, అరైవల్ కార్డు ఎలాగూ దిగే ముందు 3 రోజుల్లోనే నింపాలి, వాటితో టెన్షన్ లేదు.

చిక్కంతా హోటల్‌తోనే. లిటిల్ ఇండియాలో తీసుకున్నాం, చెక్‌ఇన్ మధ్యాహ్నం 3కి. ముందే ఇవ్వమని మెయిల్ పెడితే 'ఖాళీ ఉంటే చూస్తాం' అన్నారు, ఫోన్ చేసినా అదే మాట, సామాన్లు మాత్రం పెట్టుకుంటారట. ముందు రోజు రాత్రికి కూడా బుక్ చేద్దామంటే రేటు చూసి నాయన ససేమిరా అన్నారు. చాంగీ ఎయిర్‌పోర్టును ఆనుకుని ఉన్న జ్యువెల్ మాల్‌లో గంటల లెక్కన ఇచ్చే గదులు చూశాను, మా ముగ్గురికి రెండు తీసుకోవాల్సి వస్తోంది.

నాయనకు మోకాళ్ల నొప్పులు, ఆ ఉక్కపోతలో తిరగలేరు. అమ్మ స్నానం కానిదే మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టదు (విదేశమైనా సరే!). లిటిల్ ఇండియాలోని వీరమాకాళియమ్మన్ గుడిలో కూర్చుందామంటే మధ్యాహ్నం మూసేస్తారు.

ఇమిగ్రేషన్ దాటాక చాంగీలో గానీ లిటిల్ ఇండియా దగ్గర గానీ, డబ్బులిచ్చి స్నానం చేసి 3 దాకా ఏసీలో కూర్చోగలిగే చోటు, పెద్దవాళ్లతో వెళ్లి మీరు వాడినది ఏదైనా ఉందా?