పెల్లెట్ స్పీడ్ కొలవడానికి ఏ క్రోనోగ్రాఫ్ తీసుకోవాలి? ట్యూబ్‌లైట్ కింద పిచ్చి రీడింగులు వస్తున్నాయి

గురితప్పినోడు (బెంగళూరు):
అందరికీ నమస్తే. మాది మదనపల్లి, ఉండేది మారతహళ్లిలో. రెండేళ్ల నుంచి .177 పీసీపీ (సిలిండర్‌లో ముందే గాలి నింపుకునే రకం) ఎయిర్ రైఫిల్‌తో 10 మీటర్లు ప్రాక్టీస్ చేస్తున్నా. ఒక నెల నుంచి పెల్లెట్లు పైకీ కిందకీ పడుతున్నాయి, పక్కలకి అంతగా పోవట్లేదు గానీ నిలువుగా మాత్రం 15 మిల్లీమీటర్ల దాకా తేడా వస్తోంది. ప్రతి షాట్‌కీ ఒకే ప్రెషర్ ఇచ్చే రెగ్యులేటర్ పోయిందేమో, షాట్ షాట్‌కీ స్పీడ్ మారిపోతోందేమో అని డౌటు. రేంజ్‌లో ఒకన్న దగ్గర పాత ఆప్టికల్ క్రోనీ (వెలుతురుతో పనిచేసే క్రోనోగ్రాఫ్) అడిగి తెచ్చుకుని ఇంట్లో హాల్లో పెల్లెట్లని ఆపే ట్రాప్ పెట్టి కొట్టి చూశా. మొదటిది సెకనుకి 168 మీటర్లు, రెండోది 431, మూడోది ఎర్రర్, నాలుగోది 96. 431 అంటే సౌండ్ కంటే స్పీడు, నా గన్‌కి అంత సీన్ లేదు. ఇది పాడైపోయిందా, కొత్తది కొనుక్కోవాలా? కొంటే ఏది కొనాలి? రాడార్‌వి బాగుంటాయంటున్నారు గానీ రేటు చూస్తే కళ్లు తిరుగుతున్నాయి.

ఎస్పీరోడ్_పక్షి (బెంగళూరు):
బ్రో క్రోనీ పాడవలేదు, మీ ట్యూబ్‌లైటే దొంగ. ఆ డబ్బాలో రెండు కళ్లుంటాయి, పెల్లెట్ నీడ మొదటి కంటి మీద పడగానే గడియారం మొదలవుతుంది, రెండో దాని మీద పడగానే ఆగుతుంది, మధ్య దూరాన్ని టైమ్‌తో భాగించి స్పీడ్ చూపిస్తుంది, అంతే దాని తెలివి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మామూలు ట్యూబ్‌లైట్ సెకనుకి 100 సార్లు మిణుకుతుంది, మన కంటికి తెలీదు గానీ దానికి తెలుస్తుంది. కళ్ల మధ్య 30 సెంటీమీటర్లు అనుకుంటే మీ పెల్లెట్ దాన్ని దాటేది 1.7 మిల్లీసెకన్లలో, ఆ టైమ్‌లో లైట్ కాస్త డల్ అయినా అది కూడా నీడే అనుకుంటుంది. చవక ఎల్ఈడీ బల్బులతోనూ ఇదే గోల.

ట్యూబ్‌లైట్లు అన్నీ ఆపేసి, 12 వోల్ట్ బ్యాటరీ మీద ఎల్ఈడీ స్ట్రిప్ వెలిగించండి, బ్యాటరీ కరెంటుకి మిణుకు ఉండదు. ఎస్పీ రోడ్డులో ఏ ఎలక్ట్రానిక్స్ షాపులో అడిగినా ఇస్తారు (ఆదివారం వెళ్లి షట్టర్లు చూసి రాకండి, నేను చూసొచ్చా). స్ట్రిప్‌కీ కళ్లకీ మధ్య ట్రేసింగ్ పేపర్ అడ్డం పెడితే వెలుతురు సమంగా పరుచుకుంటుంది. పాత ఫిలమెంట్ బల్బు దొరికితే అదీ పనికొస్తుంది.

ఇంకోటి, ఆ డబ్బా మడతపెట్టే రకం అయితే పూర్తిగా తెరిచి పెట్టండి. 30 సెంటీమీటర్లలో 3 మిల్లీమీటర్లు తేడా వచ్చినా రీడింగ్ ఒక శాతం తప్పుతుంది. గన్ మూతికీ క్రోనీకీ మధ్య రెండు మూడు అడుగులు ఉంచి, పెల్లెట్ కళ్లకి సరిగ్గా పైనుంచి వెళ్లేలా పెట్టండి. చాలా మంది క్రోనీనే కాల్చేస్తారు, అది మాత్రం అన్న దగ్గర అప్పు తెచ్చుకున్నదని గుర్తుంచుకోండి 😀

మెరీనా_గాలి (చెన్నై):
కొనే సంగతి నేను చెప్తా, మూడు రకాలూ వాడినోణ్ణి. ఆప్టికల్‌ది చవక, వెలుతురు సరిగ్గా కుదిరితే నమ్మొచ్చు. బయట ఎండలో కంటే మబ్బు రోజున బాగా పనిచేస్తుంది, మా చెన్నైలో మబ్బు రోజు కోసం ఎదురు చూడాల్సిందే. మూతికి తగిలించే గొట్టం రకంలో లోపలే లైట్ ఉంటుంది కాబట్టి ట్యూబ్‌లైట్ గొడవ లేదు, ఇంట్లో వాడేవాళ్లకి హాయి. కానీ బ్యారెల్‌కి బరువు తగిలిస్తే పెల్లెట్ పడే చోటు మారుతుంది, కాబట్టి స్పీడ్ ఒకసారి, గ్రూప్ (పెల్లెట్లు ఎంత దగ్గరగా పడుతున్నాయో) ఇంకోసారి చూసుకోవాలి, రెండూ కలిపి కాదు. నిటారుగా బిగించకపోతే పెల్లెట్ గొట్టం అంచుని కొడుతుంది కూడా.

రాడార్ అంటే రాజభోగం. గార్మిన్ జీరో సీ1 ప్రో 2023లో వచ్చింది, పక్కన టేబుల్ మీద పెట్టి కొట్టుకోవడమే, దేన్నీ తగిలించక్కర్లేదు. దానికంటే ముందొచ్చిన ల్యాబ్‌రాడార్ తుపాకి శబ్దం విని నిద్ర లేస్తుంది, అందుకే పక్క లేన్‌లో వాడు పేల్చినా లేస్తుంది, మన ఎయిర్ రైఫిల్ చప్పుడుకి ఒక్కోసారి లేవదు. పాయింట్ 22, సెంటర్‌ఫైర్ లాంటి మందుగుండు తుపాకులు కొట్టేవాళ్లకైతే రాడార్ పెట్టుబడి న్యాయమే, ఎందుకంటే ఆప్టికల్ దగ్గర పెడితే మూతి దగ్గర వచ్చే పొగ, గాలి దెబ్బ దాన్ని తికమక పెడతాయి, మూడు మీటర్ల పైనే దూరం పెట్టాలి. 10 మీటర్ల పెల్లెట్‌కి అంత డబ్బు పెట్టడం మాత్రం నా లెక్కలో దండగ.

లెక్కలమాస్టారు (బెంగళూరు):
తమ్ముడూ, కొనే ముందు ఒక చిన్న లెక్క చూడు. నీ పెల్లెట్ సెకనుకి 172 మీటర్లు వెళ్తోందనుకుందాం. 10 మీటర్లకి 0.058 సెకన్లు, ఆ టైమ్‌లో భూమి లాగేది 16.5 మిల్లీమీటర్లు. స్పీడ్ 170కీ 174కీ మధ్య ఊగిందనుకో, పడే చోటులో తేడా దాదాపు ముప్పాతిక మిల్లీమీటరే. నీకొస్తున్నది 15 మిల్లీమీటర్లు. అంత జారాలంటే స్పీడ్ 172 నుంచి దాదాపు 125కి పడిపోవాలి, అలా పడితే క్రోనీ ఎందుకు, చప్పుడులోనే తెలిసిపోతుంది. గాలి ఆపే శక్తిని లెక్కలోకి తీసుకోలేదు, తీసుకున్నా కథ మారదు.

అయినా కొలిచి చూడు, మనసు నిమ్మళిస్తుంది. ఐదు షాట్లు కొట్టి ఎక్కువ తక్కువల తేడా చూసి సంబరపడొద్దు, కనీసం ఇరవై కొట్టు. సిలిండర్ నిండుగా ఉన్నప్పుడు పది, ఖాళీ అయ్యే ముందు పది. రెగ్యులేటర్ బాగుంటే రెండు పదులూ ఒకేలా ఉంటాయి, ప్రెషర్ మరీ తగ్గాకే స్పీడ్ దిగుతుంది. ఒకే డబ్బాలోని పెల్లెట్లు వాడు.

బరువు తెలిస్తే ఎనర్జీ కూడా కట్టుకోవచ్చు: సగం బరువు ఇంటూ స్పీడ్ ఇంటూ స్పీడ్. 0.53 గ్రాముల పెల్లెట్ 172 మీటర్ల దగ్గర 7.8 జౌల్స్. 2016 ఆయుధ నియమాల ప్రకారం 20 జౌల్స్ దాటితే లైసెన్సు కావాలి, ఆ పెల్లెట్‌తో అక్కడికి చేరాలంటే 275 మీటర్లు కావాలి, నువ్వు దాని దరిదాపుల్లో కూడా లేవు.

గురితప్పినోడు:
మాస్టారూ, పక్షి బ్రో, ఇద్దరికీ దండం. నిన్న రాత్రి లైట్లన్నీ ఆపేసి బ్యాటరీ స్ట్రిప్, ట్రేసింగ్ పేపర్ పెట్టి ఇరవై కొట్టా, ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. తక్కువ 170, ఎక్కువ 174, చివరి పది మొదటి పది లాగానే ఉన్నాయి. అంటే రెగ్యులేటర్ మంచిదే. ఇవాళ రేంజ్‌లో రైఫిల్‌ని ఇసుక సంచి మీద పెట్టి కొట్టా, గ్రూప్ చక్కగా ఒకే రంధ్రంలా వచ్చింది. భుజానికి ఆనించి కొడితే మళ్లీ నిలువు. అప్పుడు చూస్తే భుజానికి ఆనే బట్ ప్లేట్ స్క్రూ వదులుగా ఉంది, చేత్తో కదిపితే పైకీ కిందకీ జరుగుతోంది! నెల రోజులు రెగ్యులేటర్‌ని తిట్టుకున్నా.

మెరీనా_గాలి:
ఆ స్క్రూ బిగించే అలెన్ కీ రేటు ఇరవై రూపాయలు, రాడార్ డబ్బులు మిగిలినట్టే 😂

ఎస్పీరోడ్_పక్షి:
ఆ స్ట్రిప్ సెటప్ ఫొటో పెట్టు బ్రో, నాకూ అలాగే ఒక ఫ్రేమ్ కట్టాలనుంది.

గురితప్పినోడు:
రేపు పెడతా, ప్రస్తుతానికి అట్టపెట్టె, సెల్లోటేపే ఫ్రేము. క్రోనీ శనివారం అన్నకి వాపస్ ఇచ్చేస్తున్నా.