చాక్లెట్‌ని మొదట్లో తాగేవాళ్ళంట కదా, మరి బార్ ఎప్పుడయ్యింది?

తణుకు_అమ్మ:
మా పాపకి స్కూల్లో చాక్లెట్ చరిత్ర మీద ప్రాజెక్ట్ ఇచ్చారండి. మెక్సికో వైపు మాయా వాళ్ళు, అజ్టెక్‌లు దీన్ని తాగేవాళ్ళని, అదీ చక్కెర లేకుండా మిరపకాయ వేసుకుని తాగేవాళ్ళని చదివాం. మరి పాలల్లో కలుపుకునే పొడి ముందొచ్చిందా, కొరుక్కుతినే బార్ ముందొచ్చిందా? పాప పొద్దున్నించి ఇదే అడుగుతోంది.

పాత_కథలు:
పొడే ముందండి, అసలు ఆ పొడి వల్లే బార్ పుట్టింది. కోకో గింజలో ఇంచుమించు సగం కొవ్వే, నూరి నీళ్ళల్లో కలిపితే జిడ్డు పైకి తేలుతుంది. మాయా వాళ్ళు ఒక పాత్రలోంచి ఇంకోదాన్లోకి ఎత్తునుంచి పోసేవాళ్ళు, మనం టీ తిరగబోస్తాం చూడండి అలా, ఆ నురగంటే వాళ్ళకి ప్రాణం. 1828లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వాన్ హూటెన్ వాళ్ళు గింజల ముద్దని ప్రెస్‌లో పిండి కొవ్వు బయటికి తీశారు, నువ్వుల నూనె తీశాక తెలగపిండి మిగిలినట్టు ఇక్కడ మిగిలిన చెక్కని పొడి కొట్టారు, అదే కోకో పౌడర్. పిండిన కొవ్వు కోకో బటర్. 1847లో బ్రిస్టల్‌లో ఫ్రై కంపెనీ వాళ్ళు కోకో పొడి, చక్కెర, కరిగించిన ఆ బటరూ కలిపి అచ్చుల్లో పోశారు, అలా బార్ వచ్చింది. కోకో బటర్ 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టే చేతిలో గట్టిగా ఉన్నది నోట్లో పెట్టుకోగానే కరిగిపోతుంది, నాకైతే ఈ కథ మొత్తంలో ఇదే అద్భుతం.

స్వీట్_టూత్:
మిల్క్ చాక్లెట్ కూడా రాయించండి. పాలల్లో నీళ్ళుంటాయిగా, అవి చాక్లెట్‌తో కలవవు. 1875లో స్విట్జర్లాండ్‌లో వెవే ఊళ్ళో డేనియల్ పీటర్ నీళ్ళు ఇగిరిన చిక్కటి పాలతో సాధించాడు. తర్వాత 1879లో బెర్న్‌లో లింట్ గంటల తరబడి రుబ్బే మెషిన్ పెట్టాడు, గరగరలాడే చాక్లెట్ నున్నగా అయింది.

కొబ్బరితోట:
మాది ఏలూరు జిల్లా, కొబ్బరి తోటలో అంతర పంటగా కోకో వేశాం. అందరూ మెషిన్ల గురించే రాస్తారు గానీ కాయ కొట్టాక గింజల్ని తెల్ల గుజ్జుతో సహా పెట్టెల్లో పోసి ఐదారు రోజులు పులియబెట్టి ఎండబెట్టాలి, మధ్యలో తిరగెయ్యాలి కూడా, సరిగ్గా పులవకపోతే ఎంత పెద్ద ఫ్యాక్టరీకి పంపినా ఆ వాసన రాదు. ఇది కూడా రాయించండి.

పాత_కథలు:
నిజం సార్. ఇంకో మాట, చేదే అయినా పిల్లలకి చెప్పాల్సిందే. ఫ్యాక్టరీలు పెద్దవయ్యాక ఆఫ్రికా పక్కన సావో టోమే దీవిలో తోటల్లో మనుషుల్ని బానిసల్లా పనిచేయించారు. ఆ గొడవ పెద్దదయ్యాక 1909లో క్యాడ్‌బరీ, ఫ్రై, రౌన్‌ట్రీ అక్కడి కోకో కొనడం ఆపేశాయి.

తణుకు_అమ్మ:
అందరికీ చాలా థాంక్సండి, అన్నీ పాపకి చదివి వినిపించా. ఏలూరు అన్నయ్యగారూ, ఎండిన గింజలు ఓ గుప్పెడు కొరియర్ చెయ్యగలరా, చార్ట్ మీద అంటించుకుంటుందట?